పొక్లెయిన్ పుట్టిన ఊరు

మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ జాగాలో నాలుగు నెలలుగా తవ్వుతున్నారు. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా అదే పని. హైదరాబాద్ పడమటి వైపు ఉండేవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. పైన కాస్త మట్టి, దాని కింద అంతా రాయి. మట్టి తీసినన్నాళ్ళు ఇంజన్ రొద ఒక్కటే వినిపించేది. రాయి తగిలాక బకెట్ ఊడదీసి, ఆ చోట బ్రేకర్ బిగించారు. అప్పట్నించీ టకటకటకటక. కిటికీలు మూసినా లోపలికి వస్తుంది.

ఒకరోజు ఆ చప్పుడు మధ్యనే అమ్మ ఫోన్ చేసింది.

"ఏం సప్పుడు బిడ్డా అది?"

"పక్కన సెల్లార్‌కి తవ్వుతున్నరమ్మా."

"పొక్లెయినా, జేసీబీనా?"

బాల్కనీలోకి వెళ్ళి చూసి, "చైన్లది. పొక్లెయినే," అన్నాను. అమ్మ తృప్తిగా ఇంకో విషయంలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. అమ్మ బడికి పోలేదు. అయినా ఆ మాట ఆమె నోట్లో ఏ తడబాటూ లేకుండా తిరుగుతుంది. అసలు పొక్లెయిన్ అనేది ఏ భాష మాట? ఇంగ్లీషు నిఘంటువులో వెతికితే దొరకదు. మన పేపర్లు దాన్ని పొక్లెయిన్ అని, పొక్లెయినర్ అని, ప్రొక్లెయిన్ అని, ప్రొక్లెయినర్ అని నాలుగు రకాలుగా రాస్తాయి. ఒక్కోసారి ఒకే వార్తలో రెండు రకాలుగా ఉంటుంది. చివర ఆ 'అర్' ఎందుకో ఊహించొచ్చు. డ్రైవ్ చేసేవాడు డ్రైవర్ అయినట్టు, పొక్లెయిన్ చేసేది పొక్లెయినర్ అయ్యుంటుంది. మధ్యలో ఆ 'ర' వత్తు ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికే తెలియాలి.

వెతుకుతూ పోతే ఆ మాట నన్ను పారిస్‌కి ఓ నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరి దాకా తీసుకెళ్ళింది. అక్కణ్ణుంచి అమెరికాకి, పనామాకి తిప్పి, మళ్ళీ మా అమ్మ దగ్గరే వదిలింది.

*

ముందు అమ్మ అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. మన దగ్గర మట్టి తవ్వే బండ్లకి మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి. మూడూ కంపెనీల పేర్లే.

జేసీబీ అంటే టైర్ల బండి. ముందు వెడల్పాటి తొట్టి, వెనక మడిచి పెట్టుకున్న చెయ్యి. ట్రాక్టర్‌కి రెండు వైపులా పనిముట్లు బిగించినట్టు ఉంటుంది, నిజానికి అది పుట్టింది కూడా అలాగే. దీని అసలు పేరు బ్యాక్‌హో లోడర్. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన 1945లో, ఇంగ్లండులోని యుటాక్సెటర్ అనే ఊళ్ళో, ఒక చిన్న గ్యారేజీ అద్దెకి తీసుకుని, యుద్ధంలో మిగిలిన తుక్కు ఇనుముతో ట్రాక్టర్ ట్రైలర్ తయారుచేసి అమ్మాడు. ఆయన పేరులోని పొడి అక్షరాలే జేసీబీ. ముందు తొట్టినీ వెనక చెయ్యినీ ఒకే బండికి తగిలించింది 1953లో. మన దేశంలో 1979లో ఢిల్లీ పక్కన బల్లభ్‌గఢ్‌లో ఫ్యాక్టరీ పెట్టారు. ఏడెనిమిది టన్నుల బరువుంటుంది, రోడ్డు మీద తనంతట తనే పోగలదు. పొద్దున ఒక ఊళ్ళో పైపులైను తవ్వి, సాయంత్రం ఇంకో ఊళ్ళో గోడ కూలగొట్టి రాగలదు. అందుకే ఊరూరా కనిపిస్తుంది. 2019 మే నెలలో 'జేసీబీ కీ ఖుదాయి' అని దేశమంతా జోకులు వేసుకున్నది దీని గురించే. జేసీబీ తవ్వుతుంటే పనులన్నీ మానుకుని నిలబడి చూసే జనం మీద జోకులు అవి. నవ్వుకున్నాం గానీ, అలా నిలబడి చూడని వాళ్ళు మనలో ఎవరున్నారు?

పొక్లెయిన్ వేరు. ఇది చైన్ల మీద నడుస్తుంది. దీని పైభాగం మొత్తం, అంటే ఇంజన్, క్యాబిన్, చెయ్యి అన్నీ కలిపి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. జేసీబీ వెనక చెయ్యి అర్ధచంద్రాకారంలో మాత్రమే తిరగ్గలదు. పొక్లెయిన్ ముందు తవ్వి, వెనక ఉన్న టిప్పర్‌లో పోయగలదు. కానీ చైన్లతో తారు రోడ్డు మీద పోలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా పెద్ద ట్రైలర్ ఎక్కాలి. పుస్తకాల్లో దీని పేరు హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్.

ఇటాచి, లేదా హిటాచి అంటే కూడా ఇదే. 1980ల్లో జపాన్ హిటాచి సాంకేతిక సాయంతో టాటాలు జంషెడ్‌పూర్‌లో వీటిని చెయ్యడం మొదలుపెట్టారు. ఆ బండ్లు ముందు చేరిన చోట ఆ పేరు నిలిచింది. మా అమ్మవాళ్ళ వైపు మాత్రం పొక్లెయినే.

*

ఫ్రాన్స్‌లో, పారిస్‌కి ఈశాన్యంగా, లె ప్లెసి బెల్‌విల్ అనే ఊరుంది. 1927లో జార్జ్ బతాయ్ అనే ఆయన అక్కడ వ్యవసాయ పనిముట్ల వర్క్‌షాప్ ఒకటి పెట్టాడు. (సాహిత్యం చదివేవాళ్ళు ఉలిక్కిపడనక్కర్లేదు. అదే పేరుతో అదే కాలంలో ఉన్న ఫ్రెంచి రచయిత వేరు, ఈయన వేరు.) ఆ వర్క్‌షాపే తర్వాత పొక్లెయిన్ కంపెనీ అయింది. 1951లో వాళ్ళు నూనె ఒత్తిడితో పనిచేసే మొదటి తవ్వుడు బండి చేశారు. 1961లో తెచ్చిన టీవై 45 అనే బండి పైభాగం పూర్తిగా చుట్టూ తిరుగుతుంది. దాంతో ఆ కంపెనీ దశ తిరిగింది. 1970ల మొదటికల్లా ప్రపంచంలోకెల్లా పెద్ద హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్ వాళ్ళదే. ఆ దశకంలోనే మన ఎల్ అండ్ టీ వాళ్ళు లైసెన్సు తీసుకుని బెంగళూరులో పొక్లెయిన్లు చెయ్యసాగారు. ఆనకట్టలకి, కాలవలకి, గనులకి అవి వెళ్ళాయి. వాటి చేతి మీద పెద్ద అక్షరాల్లో పొక్లెయిన్ అని ఉండేది. చదవగలిగినవాళ్ళు చదివారు, మిగతావాళ్ళు విని పలికారు.

తర్వాత కథ త్వరగా ముగుస్తుంది. 1970ల్లో నూనె సంక్షోభం వచ్చింది, అప్పులు పెరిగాయి. 1977లో అమెరికాలోని కేస్ కంపెనీ యజమానులు పొక్లెయిన్‌లో పెద్ద వాటా కొన్నారు. పదేళ్ళకి మొత్తం కేస్ చేతిలోకి పోయింది. ఎక్స్‌కవేటర్ల మీద ఆ పేరు చెరిగిపోయింది. నూనె మోటార్లు చేసే విభాగం ఒక్కటి విడిగా బయటికొచ్చి ఇప్పటికీ ఆ పేరుతో ఫ్రాన్స్‌లో నడుస్తోంది. అంటే, ఇవాళ మా పక్కన తవ్వుతున్న బండి మీద పొక్లెయిన్ అని ఎక్కడా లేదు, ఉండదు కూడా. ఆ పేరు మిగిలింది మన నోళ్ళలో.

ఇది మనకొక్కరికే జరగలేదు. జపాన్‌లో మామూలు జనం ఈ బండిని యుంబో అంటారు. అదీ ఫ్రెంచి పేరే! 1961లో మిత్సుబిషి వాళ్ళు సికామ్ అనే ఫ్రెంచి కంపెనీ నుంచి లైసెన్సు తీసుకుని బండ్లు చేశారు. ఆ ఫ్రెంచి బండి పేరు యుంబో. ఆ కంపెనీ పోయినా మాట ఉండిపోయింది.

యంత్రం వచ్చినప్పుడు దానితోపాటే దాని పేరూ వస్తుంది, అందులో వింతేముంది అనిపించొచ్చు. నాకూ అలాగే అనిపించింది, బ్రిటన్‌లో దీని పూర్వీకుణ్ణి ఏమని పిలిచేవారో చదివేదాకా.

*

మట్టి తవ్వే మొదటి ఆవిరి యంత్రం చేసినవాడు అమెరికాలో విలియమ్ ఓటిస్ అనే కుర్రవాడు. నిజంగా కుర్రవాడే. రైలు మార్గాలు వేసే కాంట్రాక్టర్ల దగ్గర పనిచేస్తూ ఇరవై రెండేళ్ళ వయసులో మొదలుపెట్టాడు. 1839లో పేటెంటు వచ్చింది. అదే ఏడు జ్వరంతో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆ యంత్రం వెంటనే లోకాన్ని ఏలిందా అంటే, లేదు. ఐర్లండు నుంచి ఓడల్లో వచ్చిన కూలీలు చవకగా దొరుకుతున్నారు. మనిషి చవకైనప్పుడు యంత్రం ఎవరికి కావాలి? దశాబ్దాల పాటు అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే పనిచేశాయి.

బ్రిటన్‌లో కాలవలు తవ్వే కూలీల్ని నావీలు అనేవారు. ఓడ కాలవల పని చేసేవాళ్ళు కాబట్టి ముందు 'నావిగేటర్లు' అన్నారు, అది పొట్టిదై నావీ అయింది. రైలు మార్గాల కోసం కొండలు తవ్విందీ వాళ్ళే. 1887 నుంచి 1894 దాకా మాంచెస్టర్ ఓడకాలవ తవ్వినప్పుడు, పని ఉధృతంగా ఉన్న రోజుల్లో పదహారు వేల మందికి పైగా నావీలు దిగారు. వాళ్ళ పక్కనే దాదాపు వంద ఆవిరి యంత్రాలు కూడా పనిచేశాయి. ఆ యంత్రాన్ని అక్కడివాళ్ళు 'స్టీమ్ నావీ' అన్నారు. అంటే ఆవిరి కూలీ. మనిషి పని తీసుకున్న యంత్రం మనిషి పేరు కూడా తీసుకుంది. కంప్యూటర్ అన్న మాట ఒకప్పుడు లెక్కలు వేసే మనిషికి ఉద్యోగం పేరు. అలాంటిదే ఇది కూడా. పేరు తీసుకోవడం దోపిడీ అనుకోవచ్చు. కానీ ఆ పేరులో ఒక గుర్తు ఉంది, ఈ పని ఇంతకుముందు చేసినవాడు ఫలానా అని.

మన మాటలో ఆ గుర్తు లేదు. అది నాకు తర్వాత ముల్లులా గుచ్చుకుంది.

ఆవిరి యంత్రాలు పెద్దఎత్తున దిగింది పనామాలో. 1904 నుంచి 1914 దాకా అమెరికా అక్కడ కాలవ తవ్వించింది. వందకు పైగా ఆవిరి షవెల్‌లు పనిచేశాయి. ఎక్కువ భాగం బ్యుసైరస్ కంపెనీవి, మిగతావి దాదాపు అన్నీ మారియన్‌వి. పెద్ద వాటి తొట్టిలో ఒకేసారి ఐదు ఘనపు గజాల మట్టి పట్టేది. 1906 నవంబర్‌లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పని చూడ్డానికి వచ్చి, తెల్ల సూటులో ఒక బ్యుసైరస్ సీటెక్కి కూర్చున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫొటోలో సరిగ్గా కనపడనివాళ్ళు కింద ఉన్నారు. ఆ యంత్రాలు పట్టాల మీద నడిచేవి. తవ్వుతూ ముందుకు పోవాలంటే ఎవరో ఒకరు దాని ముందు పట్టాలు పరుస్తూ పోవాలి. బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్ళు ఆ పని చేశారు. జీతాల పట్టికలు రెండు ఉండేవి. యంత్రం నడిపే తెల్లవాళ్ళకి 'గోల్డ్ రోల్', కింద పనిచేసే నల్లవాళ్ళకి 'సిల్వర్ రోల్'. ఆ పదేళ్ళలో రోగాలతో, ప్రమాదాలతో చనిపోయినవాళ్ళు అధికారిక లెక్క ప్రకారమే 5,609 మంది. వాళ్ళలో అత్యధికులు సిల్వర్ రోల్‌ వాళ్ళే.

ఆ ఆవిరి యంత్రాలకీ రోజులు అయిపోయాయి. డీజిల్ వచ్చింది. 1939లో వర్జీనియా లీ బర్టన్ అనే అమెరికన్ రచయిత్రి పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం వేసింది. మైక్ మలిగన్, మేరీ ఆన్ అనే అతని ఆవిరి షవెల్ కథ. కొత్త యంత్రాలు వచ్చి వీళ్ళకి పని లేకుండా పోతుంది. చివరికి ఒక చిన్న ఊళ్ళో టౌన్ హాల్ సెల్లార్‌ని ఒక్కరోజులో తవ్వుతామని పందెం కాసి, తవ్వేస్తారు కూడా. తీరా చూస్తే తొందరలో బయటికి వచ్చే దారి వదులుకోవడం మర్చిపోయారు. గోతిలోంచి మేరీ ఆన్ బయటికి రాలేదు. ఊరివాళ్ళు ఆలోచించి దాన్ని అక్కడే ఉంచి, పైన హాలు కట్టి, దాన్ని ఆ హాలుకి వెచ్చదనం ఇచ్చే కొలిమిగా మార్చేస్తారు. మైక్ మలిగన్ దాని పక్కన కుర్చీ వేసుకుని కాపలాదారుగా ఉండిపోతాడు. మహామాంద్యం ఇంకా పూర్తిగా తేరుకోని అమెరికాలో, పని పోయిన మనిషికీ యంత్రానికీ ఒక మూల చోటు దొరకాలని కోరుకున్న కథ అది.

*

దసరాకి అమ్మ మా ఇంటికొచ్చింది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడి కిందికి చూస్తోంది. మట్టి ఉన్న వైపు బండి ఇంకా బకెట్‌తోనే తవ్వుతోంది. ఓ పావుగంట అట్లాగే చూసి అంది, "ఇది పార లెక్కనే గుంజుతుంది."

ఆ మాటతో నాకు వారాలుగా అర్థం కానిది అర్థమైంది.

ఆవిరి షవెల్‌కీ ఇప్పటి ఎక్స్‌కవేటర్‌కీ తేడా ఏమిటని చదువుతున్నప్పుడు ప్రతిచోటా ఒకటే రాసి ఉంది. అది ముందుకి తోస్తుంది, ఇది వెనక్కి లాగుతుంది అని. తేడా ఎందుకు ముఖ్యమో తెలియలేదు. అమ్మ చెప్పాక తెలిసింది. యూరప్ వాళ్ళ షవెల్ పొడుగు కర్రకి తిన్నగా బిగించిన రేకు. కాలితో తొక్కి మట్టిలోకి దింపి, ఎత్తి అవతలికి విసురుతారు. ఆవిరి షవెల్ ఆ కదలికకి నకలు. గట్టు కింద నిలబడి, తొట్టిని ముందుకీ పైకీ తోస్తూ గట్టుని గీరుతుంది. తన కాళ్ళ కిందకి లోతుగా తవ్వడం దానికి చాతకాదు. మన పార అలా కాదు. రేకు కర్రకి అడ్డంగా ఉంటుంది. ఎత్తి, దించి, మన వైపుకి గుంజుకుంటాం. బ్యాక్‌హో అన్న ఇంగ్లీషు మాటలోని 'హో' అంటే అదే, లాగే పార. ఈ బండి గట్టు మీద నిలబడి, చేతిని తన కాళ్ళ కన్నా కిందకి చాచి, మట్టిని తన వైపుకి లాక్కుంటుంది. కాలవకైనా, చెరువు పూడికకైనా, సెల్లార్‌కైనా కావాల్సింది ఈ కదలికే.

ఇనుప తాళ్ళతో ఇలా వెనక్కి లాగే యంత్రాలు మునుపూ ఉండేవి. కానీ తాడు లాగగలదు, నొక్కలేదు. పళ్ళు నేలలో దిగాలంటే తొట్టి బరువు మీదే ఆధారపడాలి. చేతికి మణికట్టు లాంటిది ఇచ్చింది నూనె. మూసిన పాత్రలో ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. 1880ల్లో ఇంగ్లండులో ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ నీటి ఒత్తిడితో తవ్వే యంత్రం చేసింది కూడా. కానీ గట్టి పంపులు, నూనె కారకుండా పట్టి ఉంచే సీళ్ళు చవగ్గా దొరికింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. పొక్లెయిన్ అదను చూసి వచ్చింది.

ఇప్పుడు మామూలు బండిలో నూనె ఒత్తిడి 350 బార్ దాకా ఉంటుంది. మన కారు టైర్లో ఉండేది రెండు బార్ పైచిలుకు. పన్నెండు సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న సిలిండర్ ఆ ఒత్తిడితో దాదాపు నలభై టన్నుల బలంతో తోస్తుంది. చేతిలో మూడు ముక్కలుంటాయి. భుజం నుంచి మోచేతి దాకా ఉన్నది బూమ్, మోచేతి నుంచి మణికట్టు దాకా ఆర్మ్, అరచెయ్యి బకెట్. ఆపరేటర్ చేతుల్లో రెండు కడ్డీలుంటాయి. ఎక్కువ బండ్లలో ఎడమ కడ్డీని పక్కలకి కదిపితే బండి తిరుగుతుంది, ముందు వెనకలకి కదిపితే ఆర్మ్ చాచుతుంది, ముడుచుకుంటుంది. కుడి కడ్డీ ముందు వెనకలకి బూమ్‌ని దించి ఎత్తుతుంది, పక్కలకి బకెట్‌ని ముడిచి విప్పుతుంది. చైన్లు నడపడానికి కాళ్ళ దగ్గర రెండు పెడళ్ళు. చెప్పడానికి ఇంతే. చిక్కేమిటంటే ఒక్కొక్కటీ విడిగా కదిపితే బకెట్ వంపుగానే పోతుంది. నేలని సాపుగా, తిన్నగా గీరాలంటే ఆర్మ్‌ని ముడుస్తూ, అదే క్షణంలో బూమ్‌ని కొంచెం ఎత్తుతూ, బకెట్ కోణాన్ని విప్పుతూ ఉండాలి. చెయ్యి తెలిసిన ఆపరేటర్ దీని గురించి ఆలోచించడు. మనం అన్నం కలిపేటప్పుడు వేళ్ళ గురించి ఆలోచిస్తామా?

సైజులు తెలుసుకోవడానికి ఓ చిట్కా. చాలా బండ్ల మీద 200, 210 లాంటి అంకె కనిపిస్తుంది. చివరి సున్నా తీసేస్తే దాదాపుగా ఆ బండి బరువు, టన్నుల్లో. మనం ఎక్కువగా చూసేది ఇరవై, ఇరవై ఒక్క టన్నుల రకం. బకెట్‌లో ఒక ఘనపు మీటరు పడుతుంది, ఆరు మీటర్ల పైన లోతుకి తవ్వుతుంది. అంటే నిలబడ్డ చోటు నుంచే రెండు సెల్లార్లు. ఇంకా చిన్నవీ ఉన్నాయి. ఒక టన్ను నుంచి ఆరు టన్నుల దాకా ఉండే మినీలు సందుల్లో, ఇళ్ళ మధ్య, పైపులైన్ల దగ్గర పనిచేస్తాయి. ముప్పై, నలభై టన్నులవి క్వారీలకి. ఇక గనుల్లో వందల టన్నులు. అన్నిటికన్నా పెద్దది వెయ్యి టన్నుల దగ్గర ఉంటుంది, దాని తొట్టిలో యాభై ఘనపు మీటర్లకు పైగా పడుతుంది. బకెట్ మార్చుకుంటే అదే చెయ్యి రాళ్ళు పగలగొడుతుంది, గోడలు కూలుస్తుంది, పైపులు ఎత్తి పెడుతుంది.

*

"నీకు పార గురించి అంత ఎట్ల తెలుసు?" అని అమ్మని అడగడం తెలివితక్కువే. తెలుసని నాకూ తెలుసు. ఎప్పుడూ వివరంగా అడగలేదు, అంతే.

మాది పాలమూరు వైపు. 1972 కరువులో అమ్మకి పన్నెండేళ్ళు. సర్కారు కరువు పనులు పెట్టింది. చెరువు కట్టలు, రోడ్లు. తాత గడ్డపారతో పొడిచేవాడు, నాయనమ్మ పారతో తట్టకి ఎత్తేది, అమ్మ ఆ తట్ట నెత్తిన పెట్టుకుని కట్ట మీద పోసి వచ్చేది. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. మామూలు మట్టిలో ఒక మనిషి రోజుకి రెండున్నర ఘనపు మీటర్లు తవ్వి మోస్తే గొప్ప. ఆ మట్టి బరువు నాలుగు టన్నులు. తట్టకి ఇరవై కిలోలు వేసుకుంటే రెండొందల తట్టలు. ఇరవై టన్నుల పొక్లెయిన్ గంటకి సులువుగా వంద ఘనపు మీటర్లు తీస్తుంది. అంటే ఒక గంటలో నలభై మంది రోజు పని. ఎనిమిది గంటల్లో మూడొందల ఇరవై మందిది. అంకెలు చదివి వినిపిస్తే అమ్మ ఆశ్చర్యపోలేదు. "ఎనిమిది గంటలేడివి? పొద్దుగూకేదాంక చేస్తుంటిమి," అంది.

కూలి ఎలా కట్టేవారో అప్పుడే మొదటిసారి విన్నాను. తవ్వినదాన్ని ఘనపు లెక్కన కొలిచేవారు. పొడుగు, వెడల్పు టేపుతో తెలుస్తాయి. లోతు ఎలా? నేల అంతా తవ్వేశాక మొదట ఎంత ఎత్తులో ఉండేదో ఎవరికి తెలుసు? అందుకని గుంట మధ్యలో ఒక మట్టి దిమ్మెని తవ్వకుండా వదిలేవారు. దాని ఎత్తే లోతుకి సాక్ష్యం. దానిపైన గడ్డి కూడా అలాగే ఉండాలి, లేకపోతే పైన మట్టి పోసి ఎత్తు పెంచారని అనుమానం. "మేం పోస్తుంటిమి గద," అని అమ్మ నవ్వింది. "రాత్రి రెండు పిడికిళ్ళు పోసి మీద గడ్డి పెడ్తుంటిమి. మేస్త్రీ వచ్చి కాలితోని తన్ని చూస్తుండె." మట్టిని ఎంత దూరం మోశారో అది లీడు, ఎంత ఎత్తుకి ఎక్కించారో అది లిఫ్టు. కూలి వాటిని బట్టి. ఇప్పుడు బండికి ఇవేవీ లేవు. లోపల గంటల మీటరు తిరుగుతుంది. అద్దె గంటకి ఇంత. మట్టి పని మట్టి కొలతలోంచి గడియారం కొలతలోకి మారిపోయింది.

కరువు పని ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. అదే వృత్తిగా బతికినవాళ్ళు వేరే ఉన్నారు. వడ్డెరలు అందులో ముఖ్యులు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించి రాసిన పుస్తకంలో వాళ్ళు రాతి పని వాళ్ళు, మట్టి పని వాళ్ళు అని రెండు శాఖలుగా ఉన్నారని నమోదు చేశాడు. వాళ్ళ చేతులు పడని చెరువులు, బావులు దక్షిణాదిలో తక్కువ. అదే కాలంలో వాళ్ళలో కొన్ని గుంపుల్ని బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద చేర్చింది. పని కోసం ఊరూరా తిరిగే మనిషి దానికి దొంగలా కనిపించాడు. ఇక పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలో ఆనకట్ట కట్టిన చాలా చోట్ల వినిపించింది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఊళ్ళకి ఊళ్ళు కదిలిపోతాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ని ఎక్కువగా రాతి కట్టడంగానే లేపారు. సిమెంటూ విదేశీ మారకమూ కరువైన రోజులు, మనుషులకి మాత్రం కరువు లేదు. 1967లో కాలవల్లోకి నీళ్ళు వదిలేనాటికి వేలమంది చేతులు, నెత్తులు ఆ రాళ్ళని మోశాయి. ఓటిస్ కాలంలో ఐరిష్ కూలీల కథే, వందేళ్ళ తర్వాత మన దగ్గర.

తర్వాత మనిషి లెక్కా యంత్రం లెక్కా తారుమారయ్యాయి. 2005లో ఉపాధి హామీ చట్టం చేసినప్పుడు దానికి ఒక విచిత్రమైన పని పడింది. యంత్రాన్ని ఆపాలి. వీలైనంతవరకు చేతులతోనే పని జరగాలి, మనుషుల పని పోగొట్టే యంత్రాలు వాడకూడదు, కాంట్రాక్టర్లు ఉండకూడదు అని రాసుకున్నారు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. కరువు పని జ్ఞాపకం ఉన్న నేల మీద. ఆ తర్వాత సామాజిక తనిఖీల్లో పదేపదే బయటపడిన ఫిర్యాదు ఏమిటో మీరు ఊహించగలరు. రాత్రిపూట జేసీబీతో తవ్వించి, పొద్దున కూలీల పేర్లు మస్టర్‌లో రాశారని. మరో వైపు 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు, 46 వేలకు పైగా చెరువుల పూడిక తియ్యడానికి ఎవరూ యంత్రాల్ని వద్దనలేదు. పొక్లెయిన్లు దిగి తవ్వాయి, రైతులు ట్రాక్టర్లతో ఆ ఒండ్రుని పొలాలకి తోలుకున్నారు. వేసవి దాటేలోగా అయిపోవాలి, మనుషులతో అయ్యే పని కాదు. ఒక చట్టం యంత్రాన్ని బయట పెట్టింది, ఒక పథకం లోపలికి పిలిచింది. రెంటిలో ఏదీ తప్పని నేను అనలేను.

అమ్మని అడిగాను. "అప్పుడే ఈ బండి ఉంటే బాగుండేదా అమ్మా?"

"బాగుండకపోవుడేంది. నా నడుము మంచిగుంటుండె." వెంటనే ఆగి, "కాని బిడ్డా, అది తవ్వితే ఆ యేడు మేం ఏం తిందుము?" అంది.

ఈ రెండు వాక్యాల మధ్య ఎక్కడ నిలబడాలో నాకు తెలీదు. చేత్తో తవ్విన రోజులు మంచివని అనడానికి నాకు హక్కు లేదు, రెండొందల తట్టలు మోసింది నేను కాదు. నడుములు విరిగే పనిని యంత్రం తీసుకోవడం మంచిదే. కానీ పనిని తీసుకున్నప్పుడు ఆ పని చేసినవాళ్ళకి ఏమిచ్చాం అన్నది వేరే ప్రశ్న. మేరీ ఆన్‌కి టౌన్ హాల్ కింద మూల ఒకటి దొరికింది. స్టీమ్ నావీలో నావీ పేరైనా మిగిలింది. మన బండి పేరులో ఒక ఫ్రెంచి కంపెనీ ఉంది, ఇంగ్లండు ఆసామి పొడి అక్షరాలున్నాయి, జపాన్ ఉంది. పార పట్టినవాళ్ళు లేరు. దాని కదలికలో మాత్రం ఉన్నారు. అది కూడా అమ్మ చెప్తే తప్ప నాకు కనబడలేదు.

*

ఇప్పుడు పక్కన తవ్వకం చివరికొచ్చింది. గొయ్యి నాలుగంతస్తుల లోతు అయింది. చుట్టూ నిలువుగా రాతి గోడలు. ఒక మూల మాత్రం ఏటవాలుగా మట్టి, రాళ్ళ దిబ్బ ఒకటి కింది నుంచి పైదాకా మిగిలి ఉంది. అమ్మ ఊరికి వెళ్ళే రోజు పొద్దున మళ్ళీ బాల్కనీలో నిలబడింది.

"ఆ దిమ్మె ఎందుకు ఇడిసిండ్రు? కొలవనీకా?"

"కాదమ్మా. బండి బయటికి రావాలి గద. అది దారి. బయటికొస్తా వెనక నుంచి దాన్ని గూడ తవ్వుకుంట వస్తది."

అమ్మ కాసేపు దాన్నే చూసింది. కింద బండి బకెట్‌ని నేల మీద ఆనించి ఆగి ఉంది. ఆపరేటర్ దిగి, చైను మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుంటున్నాడు.

"తెలివిగల్లోళ్ళే," అని, సంచి సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది.